బంతి కంటే ముందు

2004లో కాలిఫోర్నియాలోని కాథెడ్రల్ సిటీలో సరదాకి ఒక సాఫ్ట్‌బాల్ మ్యాచ్ ఏర్పాటు చేశారు. బ్యాట్ పట్టినవాళ్లలో ఆల్బర్ట్ పూహోల్స్ ఒకడు. బేస్‌బాల్ చరిత్రలో గొప్ప హిట్టర్ల పేర్లు ఎవరు చెప్పినా అందులో అతని పేరు ఉంటుంది. 2022లో ఆట మానేసేనాటికి అతని ఖాతాలో 703 హోమ్ రన్లున్నాయి. ఆ రోజు ఎదురుగా నిలబడి బంతి వేసింది జెన్నీ ఫించ్, అమెరికా మహిళల సాఫ్ట్‌బాల్ జట్టు పిచర్. చేతిని భుజం చుట్టూ గిర్రున తిప్పి, తుంటి పక్కనుంచి బంతి వదిలింది. పూహోల్స్ స్ట్రైక్ ఔట్. మైక్ పియాజా, బ్రయన్ గైల్స్ అంతటివాళ్లూ ఆమె బంతికి బ్యాట్ తగిలించలేకపోయారు.

సాఫ్ట్‌బాల్ వేగం ఎక్కువ కాబట్టి అలా జరిగిందనుకుంటే పొరపాటు. బేస్‌బాల్‌లో పిచర్ 18.44 మీటర్ల దూరం నుంచి వేస్తాడు. మహిళల సాఫ్ట్‌బాల్‌లో ఆ దూరం 43 అడుగులు, అంటే 13.1 మీటర్లు. వేసేవాళ్లు అడుగు ముందుకేసి వదులుతారు కాబట్టి బంతి నిజంగా గాలిలో వచ్చేది దాదాపు 11 మీటర్లే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఆ దూరం రావడానికి 0.4 సెకను పడుతుంది. బేస్‌బాల్‌లో 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి పట్టేదీ ఇంచుమించు అంతే. పూహోల్స్‌కు ఆ రోజు దొరికిన సమయం రోజూ దొరికేదే. అతని కండబలం తగ్గలేదు, చూపూ తగ్గలేదు. దొరకనిది ఒక్కటే. బేస్‌బాల్ పిచర్ భుజం ఎలా కదిలితే బంతి ఎక్కడికొస్తుందో వేలసార్లు చూసి నేర్చుకున్న ఊహ అది. తుంటి పక్కనుంచి వచ్చే బంతి ముందు ఆ ఊహ పనిచేయలేదు.

హైదరాబాద్‌లోని కార్వాన్‌లో ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదువుతూ, బడి సాఫ్ట్‌బాల్ జట్టులో ఇప్పుడిప్పుడే చేరిన ఒక అమ్మాయిని మనసులో పెట్టుకుని ఈ అధ్యాయం రాస్తున్నాను. మన దేశంలో సాఫ్ట్‌బాల్ సంఘం 1961లోనే ఏర్పడింది. స్కూల్ గేమ్స్ పోటీల్లో ఈ ఆట ఉంది. అయినా జియాగూడ, టప్పాచబుత్ర గల్లీల్లో పిల్లల చేతికి ముందు దొరికేది క్రికెట్ బ్యాటే. కాబట్టి ఈ అమ్మాయి సాఫ్ట్‌బాల్‌కు వచ్చేసరికే ఆమె కళ్లకు ఒక అలవాటు ఉంటుంది. బంతి నేలకు తగిలి లేస్తుందని అవి ఎదురుచూస్తాయి. సాఫ్ట్‌బాల్‌లో బంతి నేలను తాకదు. మైదానం బయట నిలబడ్డ నాన్న "గట్టిగ కొట్టు బిడ్డా" అంటాడు. పీఈటీ సార్ "బాల్ చూడు, బ్యాట్‌కు తగిలేదాకా బాల్ చూడు" అంటాడు. ఇద్దరూ ప్రేమతోనే చెబుతారు. కానీ సార్ చెప్పిన పని మనిషి కంటికి సాధ్యం కాదు.

ఎందుకు కాదో లెక్క కడదాం. ఆమె వయసు పిచర్ గంటకు 70 కిలోమీటర్ల వేగంతో వేసిందనుకుందాం. అంటే సెకనుకు 19.4 మీటర్లు. 11 మీటర్లు దాటడానికి 0.57 సెకను. బంతి దూరంగా ఉన్నంతసేపూ కంటికి ఎదురుగానే వస్తుంది కాబట్టి కన్ను పెద్దగా తిరగనక్కర్లేదు. దగ్గరికొచ్చేకొద్దీ అది పక్కకు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. అక్కడ కన్ను బంతి వెంట తిరగాలి. కదిలే వస్తువును కన్ను నునుపుగా వెంబడించగలిగేది సెకనుకు సుమారు 100 డిగ్రీల దాకానే. బంతి ముఖానికి 60 సెంటీమీటర్ల పక్కగా వెళ్తుందనుకుంటే, ఇంకా రెండున్నర మీటర్ల దూరంలో ఉండగానే ఆ హద్దు దాటిపోతుంది. చివరి 0.13 సెకను బంతి కంటి కంటే ముందు ఉంటుంది. బ్యాట్‌కు తగిలేదాకా బంతిని విడవకుండా చూశానని ఎవరైనా చెబితే, అది మెదడు అల్లిన బొమ్మ.

1984లో టెర్రీ బాహిల్, టామ్ లారిట్జ్ అనే పరిశోధకులు దీన్ని ప్రయోగంతో చూపారు. తాడు మీద నడిచే ప్లాస్టిక్ బంతిని లాగుతూ ఆటగాళ్ల కళ్లనూ తలనూ కొలిచారు. కాలేజీ కుర్రాళ్ల చూపు చాలా ముందే వెనకబడింది. వృత్తి ఆటగాడు కంటితో పాటు తలనూ తిప్పుతూ బ్యాటర్ ముందుండే ప్లేట్‌కు ఐదున్నర అడుగుల దూరం దాకా వెంబడించగలిగాడు. అక్కడ అతని చూపూ ఆగిపోయింది.

క్రికెట్‌లో 2000వ సంవత్సరంలో మైఖేల్ లాండ్, పీటర్ మెక్లియోడ్ చేసిన పరిశోధన ఇంకా ఆసక్తికరం. బ్యాటర్ల తలకు చిన్న కెమెరా కట్టి చూపు ఎక్కడుందో రికార్డు చేశారు. బంతి చేతినుంచి విడివడగానే కాసేపు చూసి, అది పిచ్ మీద పడబోయే చోటికి చూపు ఒక్కసారిగా దూకేది. బంతి ఇంకా రాకముందే కన్ను అక్కడికి చేరి కాచుకునేది. ఎంత మంచి బ్యాటరైతే ఆ దూకుడు అంత ముందు. 2013లో డేవిడ్ మాన్ బృందం అత్యున్నత స్థాయి బ్యాటర్లను పరీక్షించినప్పుడు, వాళ్ల తల బంతి దిశకు కట్టిపడేసినట్టు తిరుగుతుందనీ, చూపు మాత్రం తగలబోయే చోటికి ముందే వెళ్లి నిలుస్తుందనీ తేలింది.

మన అమ్మాయి లెక్కకు తిరిగి వద్దాం. 0.57 సెకనులో బ్యాట్ తిప్పడానికే దాదాపు 0.2 సెకను పోతుంది. కన్ను చూసింది మెదడుకు చేరి, నిర్ణయమై, కండరం కదలడానికి మరో 0.2. మిగిలేది 0.17 సెకను. అంత సమయంలో బంతి మూడు మీటర్ల పైచిలుకు మాత్రమే వస్తుంది. అంటే ప్రయాణంలో మొదటి మూడో వంతు చూసి, మిగతా రెండు వంతులు ఎలా ఉంటాయో ఆమె తేల్చుకోవాలి. కొట్టడం నేర్పడమంటే ఈ తేల్చుకోవడాన్ని నేర్పడం. చేతుల బలం దాని తర్వాతి మాట.

కార్వాన్ గురించి తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతిలా అనిపించకూడదు. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ కోటకూ పురానాపూల్‌కూ మధ్య ఉన్న ఈ బస్తీ వ్యాపారుల విడిది. వజ్రాలు ఇక్కడ చేతులు మారేవి, వాటికి సానపట్టేవారు. 17వ శతాబ్దంలో ఈ ప్రాంతాలు తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, రావల్‌కొండ గని ఊళ్లో చూసిన ఒక దృశ్యం రాసిపెట్టాడు. పదేళ్ల నుంచి పదిహేను, పదహారేళ్ల లోపు వర్తకుల పిల్లలు పొద్దున్నే ఊరి మధ్య చెట్టు కింద, వజ్రాల తూకపు రాళ్లూ డబ్బు సంచులూ పెట్టుకుని కూర్చునేవారట. రాయి వస్తే చేతులు మారుస్తూ చూసి ధర కట్టి కొనేవారట. ఆ వయసు పిల్లల కన్ను అంత సూక్ష్మం ఎలా అయింది? రోజూ రకరకాల రాళ్లు చూశారు, ప్రతి రాయికీ ఒక తీర్పు చెప్పారు, సాయంత్రానికి ఆ తీర్పు సరైనదో కాదో లాభనష్టాల్లో తెలుసుకున్నారు. చూడడం, తీర్పు చెప్పడం, తేలడం. నా దృష్టిలో బ్యాటింగ్ శిక్షణకు ఇంతకంటే మంచి నమూనా లేదు.

ఇక ఆమె చూడాల్సింది ఏమిటి? బంతి పుట్టే చోటు. సాఫ్ట్‌బాల్‌లో అది పిచర్ తుంటి పక్కన ఉంటుంది. క్రికెట్‌కు అలవాటుపడ్డ కన్ను తలపైకి, ఎత్తిన చేతి వైపు పోతుంది. పిచర్ చెయ్యి గాలిలో గుండ్రంగా తిరుగుతున్నప్పుడు దాన్ని వెంబడిస్తే కన్ను అలసిపోతుంది, లాభం లేదు. మొదట ఆమె మొత్తం శరీరాన్ని మెల్లగా చూడాలి, చెయ్యి కిందికి దిగుతుండగా చూపును తుంటి పక్కకు తెచ్చి నిలపాలి. మణికట్టు తిరిగిన తీరు, వేళ్లు బంతి కింద ఉన్నాయా పైన ఉన్నాయా, అడుగు పొడవు తగ్గిందా అన్నవే ఆమెకు ఆధారాలు. వీటిని మాటల్లో చెప్పి బట్టీ పట్టించనక్కర్లేదు. తగినన్నిసార్లు చూస్తే మెదడు తనంతట తానే ఏరుకుంటుంది.

దీనికి ఖర్చు లేని సాధన ఒకటుంది. జట్టులో పిచర్ ప్రాక్టీసు చేస్తున్నప్పుడు, హెల్మెట్ పెట్టుకుని బ్యాటర్ చోట నిలబడాలి. బ్యాట్ ఊపకూడదు. బంతి వదలగానే "కొట్టు" అనో "వదులు" అనో పైకి అరవాలి. వెనకున్న క్యాచర్ అది స్ట్రైకో (కొట్టదగ్గ చోటికి వచ్చిందో) బాలో (దానికి బయట పోయిందో) చెబుతుంది. పిచర్‌కు ఎలాగూ ప్రాక్టీసు కావాలి, ఈమెకు బంతులు కావాలి, ఇద్దరి పనీ అయిపోతుంది. ఇంటి దగ్గరైతే ఫోన్ చాలు. బ్యాటర్ నిలబడే చోటి నుంచి పిచర్‌ను వీడియో తీసి, బంతి చేతి నుంచి విడివడిన క్షణంలో ఆపాలి. "లోపలా బయటా? వేగమా నిదానమా?" అని ఇంట్లో అక్కో అన్నో అడగాలి. అమ్మాయి చెప్పాక మిగతాది చూపించాలి. 2006లో పీటర్ ఫాడీ ఇలాంటి వీడియో శిక్షణను కాలేజీ బేస్‌బాల్ ఆటగాళ్ల మీద పరీక్షించి, దాని ఫలితం అసలు మ్యాచ్‌ల బ్యాటింగ్‌లో కనబడిందని రాశాడు. కార్వాన్ ఇళ్లలో ఆడపిల్ల చీకటిపడ్డాక మైదానానికి వెళ్లడం కష్టం. అందుకే ఈ పద్ధతి నాకు మరీ విలువైనదిగా తోస్తుంది.

బంతులు వేయించే వరుస గురించి చెప్పకుండా ముందుకు పోలేను. మన మైదానాల్లో ఎక్కువగా జరిగేది ఒకే వేగం, ఒకే చోటు, యాభై బంతులు. ఇరవయ్యో బంతి నుంచి అమ్మాయి అదరగొడుతుంది, అందరికీ సంతోషం. శనివారం మ్యాచ్‌లో అదే అమ్మాయి నిదానమైన చేంజప్‌కు ముందే ఊపేసి బోర్లా పడుతుంది. 1994లో కెల్లీ హాల్ బృందం కాలేజీ బేస్‌బాల్ ఆటగాళ్లతో ఆరు వారాలు పరిశోధన చేసింది. వారానికి రెండుసార్లు అదనంగా 45 బంతులు: 15 వేగమైనవి, 15 వంపు తిరిగేవి, 15 నిదానమైనవి. ఒక గుంపుకు ఏ రకానికి ఆ రకం వరుసగా వేశారు. రెండో గుంపుకు అన్నీ కలిపి, ఏది వస్తుందో తెలియకుండా వేశారు. మూడో గుంపుకు అదనపు ప్రాక్టీసు లేదు. చివరి పరీక్షలో కలిపి ఆడినవాళ్లు 57 శాతం మెరుగయ్యారు, వరుసగా ఆడినవాళ్లు 25 శాతం, ఏమీ ఆడనివాళ్లు 6 శాతం. ఇక్కడ ఒక చిక్కుంది. కలిపి ఆడేటప్పుడు రోజువారీ ప్రాక్టీసు చూడ్డానికి బాగుండదు. అమ్మాయి ఎక్కువ బంతులు తప్పుతుంది, ఏడుపు ముఖం పెడుతుంది. పక్కనున్న పెద్దవాళ్లు ఆ తప్పులు చూసి మళ్లీ సులువు బంతులు వేయించమంటారు. వేయించకండి. ఆ తప్పులోనే మెదడు పని చేస్తోంది.

ఏది వస్తుందో తెలియని ఆ సాధన ఇంటి దగ్గరా కుదురుతుంది. ఆస్ట్రేలియా క్రికెటర్ డాన్ బ్రాడ్‌మన్ చిన్నప్పుడు తమ ఊరు బౌరల్‌లో ఇంటి వెనక నీళ్ల తొట్టి కింది ఇటుక గోడకు గోల్ఫ్ బంతి కొట్టి, అది ఎటు ఎగిరొస్తే అటు క్రికెట్ స్టంపుతో ఆడేవాడు. కార్వాన్ డాబా మీద కూడా పిట్టగోడ ఉంటుంది, ప్లాస్టిక్ బంతి ఉంటుంది. సన్నని కర్రతో కొట్టమనండి. రెండు రంగుల చుక్కలు పెట్టిన బంతులు విసిరి, ఎరుపు చుక్కవి మాత్రమే కొట్టమనండి.

రోజూ ఎవరో ఒకరు బంతి విసరాలి. అదే అసలు కష్టం. 2025 ఫిబ్రవరి 2న మలేసియాలో అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ ఫైనల్‌లో దక్షిణాఫ్రికా మీద 44 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచిన గొంగడి త్రిష మన భద్రాచలం అమ్మాయి. ఆ టోర్నీలో 309 పరుగులు, స్కాట్లాండ్ మీద 110 నాటౌట్, ఆ ప్రపంచకప్ చరిత్రలో తొలి సెంచరీ. చాలా చిన్నతనంలోనే ఆమె చేతిలో ప్లాస్టిక్ బ్యాట్ పెట్టింది తండ్రి రామిరెడ్డి. కూతురి ఆట కోసం కుటుంబాన్నే హైదరాబాద్‌కు మార్చాడు. అందరూ అంత చేయలేరు. సాయంత్రం ఇరవై నిమిషాలు బంతి విసిరే నాన్నో అన్నో ఉంటే మాత్రం, ఖరీదైన బ్యాట్ కంటే అది ఎక్కువ.

బ్యాట్ మాట వచ్చింది కాబట్టి దాని సంగతి చూద్దాం. తగిలిన బంతి ఎంత వేగంతో వెళ్తుందో తెలిపే సూత్రం తేలికైనదే: వచ్చిన బంతి వేగంలో సుమారు ఐదో వంతు, బ్యాట్ వేగానికి 1.2 రెట్లు, రెండూ కలపాలి. బంతి 70, బ్యాట్ 80 అయితే 14, 96 కలిసి గంటకు 110 కిలోమీటర్లు. బంతి వేగం పదో వంతు పెరిగితే ఫలితం 111 కంటే కాస్త ఎక్కువ. బ్యాట్ వేగం పదో వంతు పెరిగితే దాదాపు 120. కాబట్టి పెద్ద క్లాసు పిల్లలు వాడి వదిలేసిన బరువైన బ్యాట్‌ను పదమూడేళ్ల పిల్ల చేతికివ్వడం ఆమెకు అన్యాయం. అదే ఉంటే, పట్టు రెండు వేళ్లు పైకి జరపమనండి. తూకంలో బ్యాట్ మారదు, కానీ ముందుభాగం తేలికగా తిరుగుతుంది. తిప్పడానికి అడ్డుపడేది మొత్తం బరువు కంటే ఆ బరువు చేతికి ఎంత దూరంలో ఉందన్నదే. రెండు బ్యాట్లలో ఏది మంచిదో తేల్చుకోవడానికి ట్రాఫిక్ కోన్ మీద పైపు ముక్క నిలబెట్టి, దానిపై బంతి పెట్టి, రెండిటితోనూ కొట్టి దూరం కొలవాలి. అమ్మాయి కొలిస్తే ఇంకా మంచిది.

బ్యాట్, బంతి కలిసి ఉండేది సెకనులో వెయ్యో వంతు. ఆ దెబ్బ అదురు చేతికి చేరి తిరిగి వచ్చేలోపే బంతి వెళ్లిపోతుంది. కాబట్టి తగిలే క్షణంలో పిడికిలి బిగించి బంతికి బలం చేర్చడం జరగదు. బిగించిన పిడికిలి అంతకుముందే మణికట్టును నెమ్మదింపజేస్తుంది, అంతే. బలం నేల నుంచి రావాలి. కార్వాన్ దర్బార్ మైసమ్మ బోనాల్లో పోతరాజు కొరడా చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది: పిడి ముందు కదిలి ఆగుతుంది, ఆ వేగమంతా కొసకు చేరి చెళ్లుమంటుంది. 1995లో వెల్చ్ బృందం బేస్‌బాల్ హిట్టర్లను కొలిచినప్పుడు తుంటి సెకనుకు సుమారు 700 డిగ్రీలు, తర్వాత భుజాలు 900 పైన, ఆ తర్వాత చేతులు 1,100 పైన తిరిగాయి. వరుస తప్పి చేతులే ముందు పరుగెడితే కింది బలం వృథా.

బ్యాట్ ఏ కోణంలో రావాలన్నది మన శిక్షకులు తరచు తప్పు చెప్పే విషయం. "పైనుంచి కిందికి కొట్టు" అంటారు. 0.57 సెకనులో గురుత్వాకర్షణ బంతిని 1.6 మీటర్లు కిందికి లాగుతుంది. కాబట్టి 70 కిలోమీటర్ల బంతి కొంచెం పైకి లేచి, ప్లేట్ దగ్గరికి వచ్చేసరికి 8 డిగ్రీల వాలులో దిగుతుంటుంది. బ్యాట్ కూడా అదే గీత మీద, అంటే 8 డిగ్రీలు పైకి లేస్తూ ఎదురెళ్తే, సమయం కాస్త తప్పినా రెండూ ఒకదాన్నొకటి కలుస్తాయి. పైనుంచి నరికితే రెండు గీతలు ఒక్క బిందువు దగ్గరే కలుస్తాయి. అసలే సెకనులో వందో వంతు తేడాకు బ్యాట్ 12, 13 డిగ్రీలు తిరిగిపోతుంది. అంత సన్నని అవకాశాన్ని మనమే ఇంకా సన్నగా చేయడం దేనికి?

ఇన్ని విషయాలు ఆమెకు ఒకేసారి చెప్పకూడదు. 2007లో కాస్టనేడా, రాబ్ గ్రే చేసిన పరీక్షలో, నేర్చుకుంటున్నవాళ్లు తమ చేతుల కదలిక మీద మనసు పెట్టినప్పుడు బాగా ఆడారు. బాగా వచ్చినవాళ్లు మాత్రం బ్యాట్ నుంచి వెళ్లే బంతి మీద మనసు పెట్టినప్పుడు బాగా ఆడారు. అంటే మొదటి నెలల్లో "తుంటి ముందు తిప్పు" అన్న మాట సాయపడుతుంది. రెండేళ్ల తర్వాత అదే మాట అడ్డొస్తుంది. అప్పుడు "రెండో బేస్ మీదుగా పంపు" అంటే చాలు. ఏ రోజుకైనా ఒక్క మాటే. ప్లేట్ దగ్గర నిలబడ్డాక ఆ ఒక్క మాట కూడా వద్దు.

కళ్ల పరీక్ష చేయించారా అని కూడా అడగాలి. బోర్డు కనిపించడం లేదని చెప్పడానికి సిగ్గుపడే పిల్ల బంతి కనిపించడం లేదనీ చెప్పదు. అద్దాలు అవసరమైతే వెనక పట్టీ కట్టి ఆడనివ్వండి.

ఒక నోట్‌బుక్ పెట్టించండి. ఎన్ని హిట్లు కొట్టిందన్నది అందులో వద్దు, ఆ లెక్క ఎదురుగా ఉన్న పిచర్‌ను బట్టీ ఫీల్డర్లను బట్టీ మారుతుంది. మూడు గళ్లు చాలు: స్ట్రైక్ జోన్ బయటి బంతికి ఎన్నిసార్లు ఊపింది, లోపలి బంతిని ఎన్నిసార్లు వదిలేసింది, ఊపినప్పుడు ముందైందా ఆలస్యమైందా. ఎడమ వైపు ఫౌల్ వెళ్తే కుడిచేతి బ్యాటర్ ముందే ఊపినట్టు, కుడి వైపు వెళ్తే ఆలస్యమైనట్టు. నిర్ణయాలు మారడం మొదలైతే ముందు మొదటి గడిలో అంకె తగ్గుతుంది. స్కోర్ షీటులో హిట్లు పెరగడానికి ఇంకొన్ని వారాలు పట్టవచ్చు. ఆ వారాల్లో ఆమెను జట్టు నుంచి తప్పించకుండా ఉంచమని పీఈటీ సార్‌కు నోట్‌బుక్ చూపించి అడగండి.